నెనరంటే ఏంట్రా బావా?

చెన్నై,
జనవరి, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. రాత్రి అన్నం తిన్నాక టీవీలో ఏం చూడాలో వెతుక్కోవడానికే గంట పడుతోందనీ, చివరికి చూసిన సినిమానే మళ్లీ పెట్టుకుని కునుకు తీస్తున్నాననీ రాశావు. మా ఇంట్లోనూ అదే తంతు. చదవాల్సినవీ చూడాల్సినవీ ఓ పది రాసి పంపమన్నావు కానీ, నేను పంపను. పోయినసారి పంపినవాటిలో ఒక్కటైనా తెరిచావా? నువ్వు పంపినవి నేనూ తెరవలేదులే. దాని బదులు డిసెంబర్లో జరిగిన సంగతి చెబుతా విను.

ఇక్కడ మార్గళి కచేరీలు తెలుసుగా, డిసెంబర్‌లో సభల్లో జరిగే కర్ణాటక సంగీతం. సాయంత్రం పేరున్నవాళ్లు పాడితే టికెట్టు. మధ్యాహ్నం కుర్రాళ్లు పాడేవి చాలా సభల్లో ఉచితం. నేను మధ్యాహ్నం బాపతు, అదీ సగం క్యాంటీన్ కోసం. ఆ రోజు ఓ అమ్మాయి మాళవి రాగంలో త్యాగరాజ కీర్తన పాడుతోంది. నా పక్కన ఓ మామి, ఒళ్లో పాటల నోట్సు, తెలుగు కీర్తనలన్నీ తమిళ లిపిలో. నేను తెలుగువాణ్నని ఎలా పట్టిందో, “ఈ పాటలో నెనరు అంటే ఏంటి?” అంది. నెట్‌లో మనవాళ్లు థాంక్స్‌కి ‘నెనర్లు’ అని రాస్తుంటారు కదా, ఆ ధీమాతో “కృతజ్ఞత” అనేశా. ఆవిడ బుద్ధిగా రాసుకుంది. అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్.

మర్నాడు ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లా. 1896లో తెరిచిన లైబ్రరీ అది. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ అక్కడికి చేరాలి. అలాంటివి దేశం మొత్తం మీద నాలుగే. ఇన్నేళ్లుగా ఆ గేటు ముందు నుంచి బస్సులో పోతూనే ఉన్నాను! నిఘంటువు తీస్తే నెనరు అంటే ప్రేమ, దయ అని ఉంది. ఫోన్‌లో చూసినా దొరికేదే, ఒప్పుకుంటా. కానీ ఫోన్‌లో అయితే అర్థం చూసి మూసేసేవాణ్ని. అక్కడ ఏసీ ఉంది, తరిమేవాళ్లు లేరు, కూర్చుండిపోయా.

నిఘంటువు అంటే బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది ఈ మద్రాసులోనే. కడపలో ఉండగా సొంత డబ్బు పోసి, అప్పులు చేసి, పండితుల్నీ రాయసగాళ్లనీ పెట్టుకుని తాటాకు పుస్తకాలకి నకళ్లు రాయించాడు. ఆ సేకరణ ఎక్కడుందిరా అంటే కొట్టూరుపురంలో! ఆ సేకరణ ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు అన్నా శతజయంతి లైబ్రరీ భవనంలోనే ఉంది. నేను ఆ భవనానికి మూడేళ్లుగా వెళ్తున్నా. కింద సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే గది ఉంటుంది, అక్కడ కూర్చుని ఆఫీసు పరీక్షకి చదివా. నెత్తిమీద బ్రౌన్ సేకరణ ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వారం టీవీ రిమోట్ ముట్టుకోలేదు. వేమన పద్యాలు దుమ్ము దులిపి తీశా, బ్రౌన్ 1829లోనే అచ్చు వేయించాడని తెలిశాక. కొన్ని మరీ చప్పగా ఉన్నాయి, కొన్నిటికి మాత్రం పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూడాల్సొచ్చింది. నేను చెప్పిన తప్పుడు అర్థం మాత్రం మామి నోట్సులో అలాగే ఉంది. మళ్లీ రెండుసార్లు ఆ సభకి వెళ్లా, ఆవిడ కనబడలేదు. వచ్చే డిసెంబర్‌దాకా ఆగాలి.

అందుకే నీకు జాబితా దేనికని. నీ ఉత్తరం చివర్లో, నాలుగో పేజీలో, ఏదో తోచక రాసినట్టు రాశావు చూడు, మీ ఊరి గుడి వెనక బట్టలారేసే రాతి మీద ఏవో పాత అక్షరాలు ఉన్నాయని. ఆ పది సినిమాల కన్నా అదే బాగుందిరా! ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావు దాన్ని? నాకు ఫోటో పంపు. కన్నెమరాలో శాసనాల సంపుటాలు వెతుకుతా. పక్కనే మ్యూజియం, మన అమరావతి శిల్పాలు ఉన్నది అందులోనే, అక్కడా అడిగి చూస్తా. ఎదురెండలో తీస్తే అక్షరం పడదు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తియ్యి.

శివరాత్రి దగ్గర పడుతోంది. గుడికి సున్నం కొట్టేవాళ్లు రాయిని కూడా వదలరు. వాళ్లు రాకముందే వెళ్లు.

నీ
బావ