ఎలుక పిల్లల్ని ప్రాణంతో ఫ్రీజర్‌లో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు పాముల మేత కోసం ఇంట్లోనే ఎలుకల్ని పెంచుకోవడం గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో కథనం వేశారు. బోను కొలతలు, దాణా, నీళ్ల సీసా వంటివన్నీ సరిగ్గానే రాశారు. కానీ చివర్లో ఉన్న ఒక్క వాక్యం చదివాక ఆ పూట నాకు ఇంకే పనీ చేయబుద్ధి కాలేదు. మిగిలిన ఎలుక పిల్లల్ని ఫ్రీజర్‌లో నిల్వ చేసుకోవచ్చని అందులో ఉంది. చంపాక పెట్టాలా, ప్రాణంతోనే పెట్టాలా అన్నది లేదు. ఆ తేడా తెలియక నేను చేసిన పని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయి బాల్ పైథాన్ అనే ఒక రకం కొండచిలువను పెంచేవాడు. పై చదువుకు వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు. వారానికో పది రోజులకో ఒక ఎలుక వేస్తే దానికి చాలు. ప్రతిసారీ కొనే బదులు ఇంట్లోనే పెంచితే పోతుంది కదా అనుకుని ఒక మగ, రెండు ఆడ తెల్ల ఎలుకల్ని తెచ్చాను. లెక్క వేసుకోకుండా తేవడమే నా మొదటి తప్పు. ఆడ ఎలుక 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది. ఈతకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లలు పుడతాయి. ఈనిన ఒక్క రోజులోపే మళ్లీ ఎదకు వస్తుంది. మగది అదే బోనులో ఉంటే ఒక పక్క పిల్లలకు పాలిస్తూనే మళ్లీ చూలు కడుతుంది. ఆ పిల్లలు కూడా ఐదారు వారాలకే ఈడుకొస్తాయి. నాలుగు వారాలు దాటగానే ఆడవాటినీ మగవాటినీ వేరు చేయాలని నాకెవరూ చెప్పలేదు. ఏడాదికి యాభై ఎలుకలు కూడా పట్టని ఒక్క పాము కోసం, మూడు నెలలు తిరిగేసరికి మా ఇంట్లో అరవైకి పైగా ఎలుకలు చేరాయి. అంతలో చలికాలం వచ్చి పాము తిండి మానేసింది. బాల్ పైథాన్లు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అలా ఉండగలవు. ఎలుకలు ఈనడం మాత్రం ఆగలేదు.

అప్పుడు చేశాను ఆ పని. ఇంకా వెంట్రుకలు రాని, కళ్లు తెరవని ఐదు గులాబీ రంగు పిల్లల్ని డబ్బాలో సర్ది ఫ్రీజర్‌లో పెట్టాను. చలికి నిద్రలోకి జారుకుని అలాగే పోతాయని ఎవరో అంటే నమ్మాను. మనసు ఆగక ఇరవై నిమిషాలకు తలుపు తీశాను. రెండు పిల్లలు ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి. డబ్బా బయటికి తీసి, ఏం చేయాలో తెలియక వాటిని అరచేతుల్లో పెట్టుకుని వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రమే పశువైద్యురాలి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నన్ను తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పారు. అప్పుడే పుట్టిన పిల్లలు ఆక్సిజన్ తక్కువైనా చాలాసేపు తట్టుకుంటాయట. పెద్ద ఎలుకల్ని చంపడానికి వాడే కార్బన్ డయాక్సైడ్ వాయువు కూడా పది రోజుల్లోపు పిల్లలకు చాలా ఎక్కువసేపు పడుతుంది. నెమ్మదిగా చల్లబరచి చంపడాన్ని అమెరికా పశువైద్యుల సంఘం 2020 మార్గదర్శకాలు ఒప్పుకోవు. ఇంట్లో ఫ్రీజర్ చేసేది సరిగ్గా అదే. పెద్దవాటికైనా సిలిండర్‌లో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌నే, ఎంత వెళ్తోందో చూపే మీటరు పెట్టి, పెట్టె పరిమాణంలో నిమిషానికి 30 నుంచి 70 శాతం చొప్పున ఎక్కించాలి. ముందే గ్యాస్ నింపిన పెట్టెలో పడేస్తే ముక్కులో, కళ్లలో మంట పుడుతుంది. కొందరు వెనిగర్‌లో వంటసోడా కలిపి గ్యాస్ తయారు చేస్తారు. దానికి ఒక కొలత ఉండదు. ప్రాణం పోయిందని నిర్ధారించుకున్నాకే ఫ్రీజర్ సంగతి.

ఇంత గొడవ ఎందుకు, బతికున్న ఎలుకనే పాము ముందు వదిలితే సరిపోతుంది కదా అని నా స్నేహితురాలు అంది. అదీ చేసి చూశాను. పాముకు ఆకలి లేని రోజున ఎలుకే దాన్ని కొరికింది. ఆ మచ్చ ఇప్పటికీ దాని వీపు మీద ఉంది.

మేత కోసమే కదా అని బతికున్నప్పుడు కూడా వాటిని ఎలాగో ఒకలా ఉంచేవాళ్లున్నారు. మొదట్లో నేనూ దేవదారు పొట్టు వేశాను, మంచి వాసన వస్తుందని. ఆ వాసనే ఎలుక ఊపిరితిత్తులకు చేటు. బోను తరచూ శుభ్రం చేయకపోతే మూత్రం నుంచి అమ్మోనియా లేచి తుమ్ములు మొదలవుతాయి. ఒకసారి తల్లి ఎలుక కళ్ల చుట్టూ ఎర్రగా కారితే రక్తమేమోనని హడలిపోయాను. అది రక్తం కాదు, జబ్బు చేసినా టెన్షన్ పడినా కంటి దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి ద్రవం. పొట్టు తీసేసి కాగితం ముక్కలు పరిచి, బోనులో రద్దీ తగ్గించాక నెమ్మదించింది. పాముకు పోయే ఎలుక ఏడెనిమిది వారాలే బతుకుతుంది. ఆ ఏడెనిమిది వారాలూ అది సరిగ్గా ఊపిరి పీల్చుకోవాలి కదండీ.

ఇప్పుడు మా ఇంట్లో ఆడవి ఒక బోనులో, మగవి ఒక బోనులో ఉన్నాయి. ఈతలు ఆపేశాను. పాముకు గడ్డకట్టించిన ఎలుకల్నే తెచ్చి, ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలో కరగనిచ్చి, తర్వాత వేడినీళ్లలో ఉంచి వెచ్చబరిచి పెడుతున్నాను. ఒకటి రెండు పాములున్నవారికి ఇది చాలు. ఎక్కువ పాములుండి ఎలుకల్ని పెంచక తప్పనివాళ్లు, మొదటి జత ఇంటికి రాకముందే పశువైద్యుల దగ్గర కూర్చుని నొప్పి లేకుండా చంపడం నేర్చుకోవాలి. చేతకాదు అనిపిస్తే ఆ జతను తేవద్దు.

దయచేసి వచ్చే ఆదివారం ఆ ఒక్క వాక్యాన్ని సవరించి వేయండి. వేసేముందు ఒక పశువైద్యుడికి చూపించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు