గంజాయి కుండీలు, పడని వాసనలు

సంపాదకుడు గారికి నమస్కారం.

అద్దె ఇళ్లలో కుండీలు పెట్టి గంజాయి పెంచుతూ పట్టుబడినవారి వార్తల్లో ప్రస్తావన కేసుతోనే ఆగిపోతోంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం 20వ సెక్షన్ కింద ఈ సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దలకు ఇంట్లో మూడు మొక్కల వరకు ఇచ్చిన అనుమతి ఇక్కడివారికి అక్కరకు రాదు. నేను రాస్తున్నది ఆ మొక్క వాసన గురించి.

ఆ ఘాటులో కొంత గంధక సమ్మేళనాలది, చాలా భాగం మిర్సీన్, లిమోనీన్, పైనీన్, లినలూల్ వంటి టెర్పీన్లది, అంటే మొక్కల్లో వాసననిచ్చే సహజ రసాయనాలది. ఇవి గంజాయి సొత్తేమీ కావు. బత్తాయి తొక్కలో లిమోనీన్, టర్పెంటైన్‌లో పైనీన్ ఉంటాయి. లిమోనీన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందినప్పుడు ఏర్పడే హైడ్రోపెరాక్సైడ్లు అనే పదార్థాలు కొందరి చర్మానికి బొత్తిగా పడవు. తలుపులకు రంగు వేయించిన రోజు టర్పెంటైన్ గుడ్డ పట్టుకున్న నా వేళ్ల సందుల్లో దద్దుర్లు లేచాయి. చర్మ వైద్యులు వీపుకు ప్యాచ్ పట్టీలు (అలర్జీ కలిగించే పదార్థాలు పూసిన పట్టీలు) అంటించి చూస్తే గానీ కారణం తేలలేదు. అంతవరకు ఇంట్లో నింద మోసింది వంకాయ కూర!

మూసిన గదిలో పూతకొచ్చిన మొక్కలను తాకేవారికి, వాటి పుప్పొడి, దుమ్ము పీల్చేవారికి దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం రావచ్చు. పట్టుకున్న సరకును మూటగట్టే సిబ్బందికీ ఇది వర్తిస్తుంది గనుక, వారికి చేతి తొడుగులు, మాస్కులు ఇస్తున్నారో లేదో మీ విలేకరులు ఈసారి అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్