రెండు సున్నాలు

శాక్రమెంటో,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అంది నెల దాటింది. జవాబు లేదని ఈపాటికి తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, కానీ ముందు నా గోడు విను.

కాలిఫోర్నియాలోని కౌంటీలన్నిటికీ (మన జిల్లాల్లాంటివిలే) ఉద్యోగాల లెక్క, జీతాల లెక్క కావాలన్నారు మా ఆఫీసులో. అవి బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ అనే ఇక్కడి కేంద్ర ప్రభుత్వ గణాంక సంస్థ దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకోసారి దాఖలు చేసే వివరాల నుంచి తీస్తారు కాబట్టి, దేశంలోని ఉద్యోగాల్లో 95 శాతానికి పైగా అందులోకి వచ్చేస్తాయి. చిక్కల్లా ఎన్ని ఫైళ్ళన్నదే. 58 కౌంటీలు, ఏడాదికి 4 త్రైమాసికాలు, అయిదేళ్ళు: మొత్తం 1,160! మొదటిరోజు చేత్తోనే దించాను. నలభయ్యో ఫైలు దగ్గర ఏది దించానో ఏది దించలేదో తెలియక చేతులెత్తేశాను.

తీరా చూస్తే ఫైళ్ళ చిరునామాలన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. సంవత్సరం, త్రైమాసికం, ప్రాంతం కోడ్ మారతాయి, అంతే. ఆ మూడూ మార్చుకుంటూ పోయే పైథాన్ ప్రోగ్రాం ముప్పై లైన్లు కూడా కాలేదు. ఫైలుకీ ఫైలుకీ మధ్య రెండు సెకన్లు ఆగమన్నాను. ఊరికే ఇస్తున్నారు కదా అని వాళ్ళ సర్వర్ మీద పడిపోకూడదు. భోంచేసి, గిన్నెలు కడిగి వచ్చేసరికి అన్నీ దిగిపోయాయి. ఆ రాత్రి నా గర్వం నువ్వు చూడాల్సింది!

మర్నాడు పటం వేస్తే రాష్ట్రమంతా తెల్లగా ఉంది. లాస్ ఏంజిలస్ కోడ్ 06037. మన ప్రోగ్రాం దాన్ని అంకె అనుకుని, ముందున్న సున్నాను మింగేసి 6037 చేసింది. పటంలో ఉన్న కోడ్‌తో అది కలవలేదు. ఇది పాత జబ్బే. కోడ్‌ను అక్షరాలుగా చదవమంటే కుదిరింది.

రెండో సున్నా మాయదారిది. ఆల్పైన్ అని 1,200 మంది ఉండే కొండ కౌంటీ ఒకటుంది. అక్కడ చాలా పరిశ్రమల ఎదురుగా ఉద్యోగులు 0. పాపం, పనులే లేవనుకుని నివేదికలో ఒక పేరా జాలిపడ్డాను కూడా. పంపబోతూ ఒక వరుస చూశాను: సంస్థలు 3, ఉద్యోగులు 0, జీతాలు 0. ట్రెజరీలో బిల్లులు చూసేవాడివి, అలాంటిది కనిపిస్తే నీ పెన్ను ఆగదూ? అదే వరుసలో ఇంకో గడిలో ‘ఎన్’ అని ఒక్క అక్షరం ఉంది. వెల్లడించడం లేదని దానర్థం. రెండు మూడు సంస్థలే ఉన్నచోట మొత్తం చెబితే, ఎవరు ఎంత జీతం ఇస్తున్నారో పక్కవాడు లెక్కకట్టేస్తాడు. అందుకని అసలు అంకె దాచి సున్నా పెడతారు. వాళ్ళ వివరణలో ఆ సంగతి రాసే ఉంది, నేనే చదవలేదు. చేత్తో దించుతూ ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని ఉంటే మొదటిరోజే కంటబడేదేమో.

ఇప్పుడు ‘ఎన్’ ఉన్నచోట గడి ఖాళీగా వదలమన్నాను. జాలి పేరా కొట్టేశాను. పాత త్రైమాసికాల అంకెలను కూడా సవరిస్తుంటారు కాబట్టి వాటినీ మళ్ళీ దించుతోంది. ఇది రాస్తుండగా 612వ ఫైలు నడుస్తోంది.

అన్నట్టు, మీ కాకినాడలో ఖాళీ పోస్టుకు జీతం గడిలో ఏమి రాస్తారు? గీత గీస్తారా, సున్నా పెడతారా?

నీ
శేషు