నాన్నకు, ఒకటిన్నర అంగుళం చెక్క గురించి

నాన్నా,

ఉభయకుశలోపరి. ఫోనుంది కదా అని ఉత్తరం రాయడం మానేశాను. కానీ మొన్న అమ్మ ఏడవడం, నువ్వు వెనకనుంచి "ఇటివ్వు, ఇటివ్వు" అనడం, అంతలో లైను తెగిపోవడం... మళ్లీ చేసినప్పుడు అసలు సంగతి మనం ఎవరం ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను. ఇది అమ్మకి చదివి వినిపించు. మధ్యలో ఏదీ దాటెయ్యొద్దు.

తమ్ముడు చూపించిన ఫొటోలో నా ఒళ్లో ఉన్నది తుపాకి చెక్క ఒక్కటే అమ్మా. గొట్టం, బోల్టు, ట్రిగ్గరు ఏవీ దానికి లేవు. వాటిని విప్పి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాకే చెక్కని బల్లమీదికి తెచ్చాను. గుళ్లు ఇంకో చోట, ఇంకో తాళం కింద ఉంటాయి. లైసెన్సు నా పేరు మీదే ఉంది. వారానికొకసారి క్లబ్బుకి వెళ్తాను, కాగితం మీద గీసిన గుండ్రాల్ని కొడతాను, ఇంటికొస్తాను. ఏ ప్రాణినీ కొట్టను, కొట్టబోను. నన్నెవరో బెదిరిస్తున్నారనీ, భయపడి కొనుక్కున్నాననీ అనుకున్నావట. అలాంటిదేమీ లేదు. నా మాట నమ్ము.

ఉద్యోగం బాగానే ఉంది. పని ఎక్కువే, జీతం వేళకి వస్తోంది.

నాన్నా, ఇక నీతో. క్లబ్బులో ఒక పెద్దాయన కళ్లు సరిగా ఆనక కాల్చడం మానేస్తూ తన పాత రైఫిల్ నాకు అమ్మాడు. అది పట్టుకోగానే ముందు చెక్కే చూశాను. వాల్‌నట్, అదే అక్రోటు. నల్లటి చేవ, చారలు పొగ తేలినట్టు ఉన్నాయి. తుపాకులకి దీన్నే ఎందుకు వాడతారో చేత్తో పట్టుకుంటే తెలుస్తోంది. మరీ బరువుండదు, దెబ్బకి తొందరగా చీలదు, ఆరాక వంకర తిరగదు. ఉలికి కూడా లొంగుతుంది. నీకు ఒక్కసారి చూపించాలని ఎంత అనిపించిందో.

కానీ అది నా కొలత కాదు. ట్రిగ్గర్ నుంచి మడమ, అంటే భుజానికి ఆనే వెనక భాగం, చివరిదాకా 13.75 అంగుళాలుంది. నా చేతులు అమ్మ చేతులే కదా. భుజానికి ఆనిస్తే మెడ సాచాలి, పేలినప్పుడు దెబ్బ ఎముక మీదే పడేది. తాతయ్య తన త్రీ నాట్ త్రీ రైఫిల్ గురించి చెప్పేవాడు, భుజం కమిలిపోయేదని. ఆ లీ ఎన్‌ఫీల్డు రైఫిళ్లకి మడమ చెక్క విడిగా ఉండేది, పొడవాటి బోల్టుతో బిగించేవాళ్లు. పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ అరంగుళం అరంగుళం తేడాతో వేరే సైజులుండేవి, పొట్టిదాని మీద ఎస్ అనీ పొడుగుదాని మీద ఎల్ అనీ గుర్తు కొట్టేవాళ్లు. తాతయ్యకి ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో. ఆయన కూడా పొట్టివాడే కదా.

నాకు 13 అంగుళాలు చాలు. మడమకున్న ప్లాస్టిక్ పట్టీ పావంగుళం. అది తీసేస్తే ఉత్త చెక్క 13.5. కొత్తగా బిగించే రబ్బరు మెత్త ఒక అంగుళం. కాబట్టి చెక్క 12 దగ్గర ఆగాలి, అంటే ఒకటిన్నర అంగుళం తియ్యాలి. రబ్బరు మందం మరిచిపోయి కోసేవాళ్లు చాలామంది ఉంటారట. కోసేది నిటారుగా కూడా కాదు. మడమకి కాస్త వాలుంటుంది, ఆ వాలు చెడితే పేలినప్పుడు భుజం మీంచి జారుతుంది. పాత అంచుకి సమానంగా గీత గీసుకుని, పెచ్చు లేవకుండా చుట్టూ కాగితపు టేపు అంటించి, సన్నపళ్ల రంపంతో కోశాను. మొదటి గాటు పెట్టేముందు అరగంట ఊరికే కూర్చున్నాను. తీసిన చెక్క మళ్లీ రాదని నువ్వు పక్కన నిలబడి అన్నట్టే అనిపించింది. కోత చక్కగా వచ్చింది నాన్నా. ఒక్క పెచ్చు కూడా లేవలేదు.

అమ్మ మందుల సంగతి తమ్ముడు సరిగా చెప్పడం లేదు. పొద్దుటి మాత్ర మార్చారా లేదా, నువ్వు రాయి.

చెక్క పక్కన ఎక్కడో తగిలి గోరంత సొట్ట ఉండేది. దానిమీద తడిబట్ట వేసి వేడి ఇస్త్రీపెట్టె మొనతో నొక్కాను. సుయ్యిమని ఆవిరి లేచింది. బట్ట తీసి చూస్తే సొట్ట సగం పైకొచ్చింది. మూడోసారికి వేలు పెట్టి తడిమినా దొరకలేదు. నార తెగకుండా అణిగితేనే లేస్తుంది, తెగితే లేవదు. మంచం కోడుకి నువ్విలాగే చేశావు గుర్తుందా, నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆ ఆవిరి వాసన ఈ గదిలోకి వచ్చినప్పుడు చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఒకటి ఫోన్లో చెప్పలేదు. వానాకాలం తలుపు బిగిసినట్టు ఈ చెక్క కూడా తేమకి ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకి నెడుతుంది, అప్పుడు గుండు తగిలే చోటు మారిపోతుంది. అందుకని గొట్టం ఆనే గాడిని, గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి కొంచెం వెడల్పు చేశాను. మడిచిన కాగితం ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా పట్టకుండా జారాలి, జారుతోంది. గొట్టం వెనక, బోల్టు ఉండే ఇనుము కూర్చునే గుంటలో ఎపాక్సీ జిగురు పోసి ఇనుముకి అచ్చుగా పరుపు చెయ్యాలి. ఇనుముకి అంటుకోకుండా ముందు మైనం పూస్తారు, కన్నాలన్నీ మట్టి ముద్దతో మూస్తారు. నేను మైనం పూశాను, ఒక మర కన్నం మూయడం మరిచిపోయాను. తెల్లారి చూస్తే ఇనుమూ చెక్కా ఒకటైపోయి ఉన్నాయి. లాగితే రాలేదు. పెద్దాయన అపురూపంగా ఉంచుకున్నదాన్ని చేతులారా పాడుచేశానని ఏడ్చాను. చివరికి క్లబ్బులో ఒకావిడ చెప్పిందని మొత్తం తీసుకెళ్లి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. చలికి ఇనుము ముడుచుకుంది, పొద్దున చెక్క సుత్తితో నెమ్మదిగా తడితే టక్కున విడింది. కన్నంలో ఉండిపోయిన ఎపాక్సీని ఓపిగ్గా తొలిచి తీసేశాను. ఇప్పుడు బాగానే ఉంది. అప్పుడు నీకు ఫోన్ చేద్దామనుకుని, అక్కడ అర్ధరాత్రి అని ఆగిపోయాను.

ఇప్పుడు అవిసె నూనె పడుతున్నాను. అంతకుముందు తడిపి, లేచిన నారని 320 నంబరు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తడిపి, మళ్లీ రుద్దాను. నూనె అరచేత్తోనే, వేడి పుట్టేదాకా. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. మడమ కోసిన చోట నార కొసలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, తేమ అక్కణ్నుంచే దూరుతుంది, అక్కడ మాత్రం తాగినంత పట్టించాను. నూనె గుడ్డలు ఉండ చుట్టి పడెయ్యను, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట ఆరేస్తున్నాను. నీ షెడ్డులో డబ్బా వెనక గుడ్డలు కుక్కేవాడివి, అవి ఇవాళే తీసెయ్యి.

నీ ఉలులు అటకెక్కించావని అమ్మ చెప్పింది. చెయ్యి వణుకుతోందని నాతో ఒక్కసారి కూడా అనలేదేం నాన్నా? డాక్టరుకి చూపించుకో, అమ్మని తోడు తీసుకెళ్లు. ఉలుల్ని మాత్రం అటక మీద ఉంచకు, తుప్పు పడతాయి. నూనె రాసి దించి పెట్టు, వచ్చినప్పుడు నేను సాన పడతాను.

కోసిన ఆ ఒకటిన్నర అంగుళం ముక్క పారెయ్యలేదు. నా బల్లమీదే ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను. అడ్డకోతలో వలయాలు చూస్తే చెట్టు వయసు చెప్పేవాడివి కదా, ఇదీ చెప్పు.

ఇంకొక్కటే మిగిలింది, అది నీకే వదిలేశాను. చెయ్యి పట్టే మెడ దగ్గర చెక్క నాకు లావు. ఆకురాయితో రెండు పక్కలా కొంచెం దించాను, ఇంకా నా వేళ్లు చుట్టూ అందడం లేదు. కానీ తుపాకి చెక్కంతటికీ బలం తక్కువ చోటు అదే. పైగా కుడిపక్క నార సూటిగా పోవడం లేదు, బొటనవేలి కింద కిందికి వాలింది. ఇంకా దించితే అక్కడే చీలుతుందేమోనని భయం. రెండు పక్కలా ఫొటోలు తీసి తమ్ముడికి పంపాను, పెద్దవి చేసి చూపించమను. ఇంకా దించనా, ఇక్కడితో ఆపనా? నీ ఉత్తరం వచ్చేదాకా ఆకురాయి ముట్టుకోను.

నీ
చిన్నమ్మలు