పాత అవుట్‌బోర్డ్ ఇంజన్లు (బోటు వెనక తగిలించేవి) తెస్తున్నవాళ్లకు: ఈ సీజన్ నుంచి మా షెడ్డులో పని ఇలా జరుగుతుంది

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచి షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్‌లో కొన్న టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్లే (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవి). అందరిదీ ఒకటే మాట: ‘జూన్ 15కి సముద్రంలోకి దిగాలి, స్టార్ట్ అయ్యేలా చేసివ్వండి చాలు.’ స్టార్ట్ చేయడం పెద్ద పనేం కాదు. తీరానికి పది మైళ్ల అవతల ఆగిపోకుండా చూడటమే అసలు పని. అందుకే పద్ధతి మార్చాం.

ఇకమీదట ఏ పాత ఇంజన్‌కైనా ముందు కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూస్తాం. అది చూడకుండా కార్బొరేటర్ కూడా విప్పం. ప్లగ్గులన్నీ తీసి, ఆ రంధ్రంలో గేజీ పెట్టి, స్టాప్ స్విచ్ క్లిప్పు (అది లాగితే ప్లగ్గుకి కరెంటు ఆగుతుంది) లాగేసి, రేస్ పూర్తిగా తెరిచి, తాడు ఐదారుసార్లు గట్టిగా లాగితే గేజీ ముల్లు ఎక్కడ ఆగుతుందో అదే లెక్క. మన దగ్గర తిరిగే రెండు సిలిండర్ల ఇంజన్లలో సాధారణంగా 90 నుంచి 120 పీఎస్‌ఐ మధ్య రావాలి. అంకె కన్నా తేడా ముఖ్యం. రెండూ 95 చూపిస్తే నడుస్తుంది. ఒకటి 115, ఒకటి 80 అంటే రింగులో, పిస్టనో, హెడ్ గ్యాస్కెట్టో పోయినట్టే. అలాంటి ఇంజన్‌కి కొత్త ప్లగ్గులు, కొత్త జెట్లు వేసి బిల్లు రాయడం మాకు తేలికే, కానీ మీకు ఒరిగేదేం లేదు. మీకు చెప్పి, మీరు సరేనన్నాకే హెడ్ విప్పుతాం.

పోయిన సీజన్లో మా వల్ల జరిగిన తప్పు కూడా చెప్పాలి. ‘ప్లగ్గుకి కరెంటు రావట్లేదు’ అనగానే కొన్ని ఇంజన్లకు సీడీఐ (ప్లగ్గుకి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చేశాం. అసలు జబ్బు ఉప్పుకి తుప్పు పట్టిన ఎర్త్ వైరులో ఉంది. అలా డబ్బు పోయినవాళ్లు బిల్లు పట్టుకుని రండి, కూలీ వెనక్కిస్తాం. ఇప్పుడు వరుస ఇదీ: ముందు క్లిప్పు సరిగా తగిలి ఉందా అని, తర్వాత స్టాప్ స్విచ్ వైరు విడదీసి చూడటం (అప్పుడు స్పార్క్ వస్తే దోషం స్విచ్‌దే), ఆపైన ఎర్త్, ప్లగ్గు క్యాపు, కాయిళ్లు, చిట్టచివర సీడీఐ. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, అరగంట ఆరాక మళ్లీ స్టార్ట్ అయితే కాయిల్ మీదే మొదటి అనుమానం. ప్లగ్గు మార్చేటప్పుడు దాని మీదున్న నంబరు చూడండి. బీ7హెచ్‌ఎస్-10లో చివరి 10 అంటే గ్యాప్ 1.0 మిల్లీమీటరు. థ్రెడ్ పట్టింది కదా అని బైకు ప్లగ్గు బిగించకండి.

ఇక పెట్రోలు. ఈ ఏడాది ఎక్కువ ఇంజన్లను పడుకోబెట్టింది ఇదే. బంకులో వచ్చే పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి నీటిని పీల్చే గుణం ఉంది. మూత సరిగా లేని ట్యాంకులో, సముద్రపు గాలికి, నిషేధం 61 రోజులూ నిలవుంటే నీరు పట్టి రెండు పొరలుగా విడిపోవచ్చు: పైన పెట్రోలు, అడుగున నీళ్లూ ఇథనాలూ. మనం కలిపిన ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు లాగేది అడుగు నుంచి. అంటే ఇంజన్‌లోకి ఆయిల్ లేని నీళ్లు వెళ్తాయి. ఫోర్ స్ట్రోక్ అయితే దగ్గి ఆగిపోతుంది. టూ స్ట్రోక్‌కి లోపల వేరే ఆయిల్ లేదు, పిస్టన్ పట్టేస్తుంది. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే అడుగున గీత కనిపిస్తే ఆ పెట్రోలు ఇంజన్‌కి పనికిరాదు. కొత్తది పోసి కలిపేస్తే సరిపోతుందనుకోవద్దు.

ఆయిల్ కొలత 50కి 1. పది లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొత్త పిస్టన్, రింగులు వేసినవాటికి మొదటి 10 గంటలు 25కి 1, అంటే పది లీటర్లకు 400. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీటితో చల్లబడే బోటు ఇంజన్ల ఆయిల్ గుర్తు) అని ఉండాలి. బైకు టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, అందులోంచి వచ్చే బూడిద ఇక్కడ ప్లగ్గు మీద పేరుకుంటుంది.

నడుస్తూ నడుస్తూ నీరసించే ఇంజన్‌కి ముందు పెట్రోలు పైపులోని రబ్బరు బుడ్డిని పట్టుకోండి. నొక్కితే మళ్లీ ఊపందుకుంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) చిరిగిందో, ఎక్కడో గాలి లాగుతోందో. బుడ్డి లోపలికి పీల్చుకుపోయి చదునైతే ట్యాంకు మూత మీది గాలి స్క్రూ బిగించి ఉంది, లేదా ట్యాంకు వైపు అడ్డం పడింది. స్క్రూ తిప్పితే తీరే జబ్బుకి ఇంజన్‌ని ఆటో ఎక్కించకండి. చోక్ సగం లాగితే బాగా నడిచి, తోసేస్తే ఆగిపోతోందంటే జెట్లో మురికి. స్లో మీద ఆగితే పైలట్ జెట్, రేస్ ఎక్కకపోతే మెయిన్ జెట్. క్లీనరు కొట్టి గాలితో ఊదాలి. వల కుట్టే సూదితోనో తీగతోనో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ జెట్ ఇక కొలత తప్పినట్టే.

ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల సంగతి కొనే రోజు నుంచే మొదలవుతుంది. అమ్మేవాళ్లు ఒడ్డునే ఉత్తినే స్టార్ట్ చేసి ‘శబ్దం వినండి’ అంటారు. ఆ కాసేపట్లోనే నీళ్లు పైకి తోసే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు ఎండి కాలిపోతాయి. డ్రమ్ములో, ప్రొపెల్లర్ పైనున్న పలక మునిగేదాకా నీళ్లు పోసి, ప్రొపెల్లర్ విప్పి నడపమనండి. పక్కనుంచి వచ్చే నీటిధార సన్నగా ఉంటే ముందు ఆ రంధ్రంలోకి లావుపాటి నైలాన్ దారం దూర్చి చూడండి, చాలాసార్లు ఉప్పో ఇసుకో అక్కడే ఆగి ఉంటుంది. ఇంపెల్లర్ తీసినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క పైన నీళ్ల దారిలో ఎక్కడో ఉంది, అది దొరక్కుండా కొత్తది వేసినా మళ్లీ వేడెక్కుతుంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని సరిగా ఉంచేది) తీసి పారేసి నడిపే అలవాటు మనవైపు బాగా ఉంది. వలలు లాగేటప్పుడు గంటలకొద్దీ స్లో మీద నడిచే ఇంజన్ సరిగా వేడెక్కక మసి పడుతుంది. మేం తీసేయం, పనిచేయకపోతే మారుస్తాం.

గేర్ ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీల్ పోయినట్టు. ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకి చుట్టుకున్న వల దారమే ఎక్కువగా సీల్‌ని కోసేది. పదిహేను రోజులకోసారి విప్పి తీసేయండి. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి, పైన బుడగల్లేకుండా పొంగేదాకా ఎక్కించి, పై స్క్రూ ముందు బిగించాలి. ఇంజన్ రేస్ అందుకుంటున్నా బోటు కదలకపోతే ప్రొపెల్లర్ మధ్య రబ్బరు బుష్ జారుతుండొచ్చు. మధ్య బుష్ మీంచి ప్రొపెల్లర్ మీదికి పెయింటుతో ఒకే గీత గీసి నడిపి చూడండి. గీత రెండుగా విడిపోతే గేర్లు విప్పక్కర్లేదు.

మునిగిన ఇంజన్లకు గ్యారంటీ ఇవ్వలేం. మునిగితే వెంటనే ఫోన్ చేయండి. బయటికి తీశాక ఎండలో ఆరబెట్టొద్దు, తుప్పు మొదలయ్యేది గాలి తగిలాకే. మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి నీరు కార్చి, ఆయిల్ పోసి చేత్తో తిప్పండి. కొన్ని గంటల్లో మా దగ్గరికి చేర్చలేకపోతే మంచినీళ్ల డ్రమ్ములోనే ముంచి ఉంచండి.

జూన్ 1 తర్వాత వచ్చిన ఇంజన్లు 15కి అందవు. ఇప్పుడే చెప్తున్నాం, తర్వాత గొడవ వద్దు. ఇంపెల్లర్, థర్మోస్టాట్, సీళ్లు కంపెనీవే వేస్తాం, వాటికి బయానా ముందు ఇవ్వాలి. తీసిన పాత సామాను సంచిలో వేసి మీకే ఇస్తాం. ఇంజన్‌తోపాటు మీ ట్యాంకు, పైపు, బుడ్డి, క్లిప్పు కూడా తీసుకురండి. మా ట్యాంకుతో బాగా నడిచి మీ దానితో ఆగిపోయేవి ప్రతిసారీ ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు మాత్రం ఖాళీ చేసి, అడుగుది ఒక సీసాలో పట్టి తెండి.