రంగు ఎక్కువైతే వెలుగు తగ్గుతుంది

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అందింది. కణజాలంలో ఒక ప్రోటీన్ ఎక్కడుందో మైక్రోస్కోపులో చూడాలంటే, దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి ఎంత మెరిసే రంగు ఎక్కిస్తే అంత వెలుగు వస్తుంది కదా, ఇంకా ఈ కొలతలన్నీ ఎందుకని విసుక్కున్నావు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

నీ దగ్గరున్న ఎఫ్ఐటీసీ, అంటే ఫ్లోరెసీన్ నుంచి చేసిన రంగు, యాంటీబాడీలో లైసిన్లనే అమైనో ఆమ్లాల మీదుండే అమైన్లను (నైట్రోజన్ ఉన్న కొసలను) పట్టుకుంటుంది. అందుకు ద్రావణం పీహెచ్ 9 దగ్గర ఉండాలి. పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి బైకార్బొనేట్ బఫర్ వాడు, ట్రిస్ అనే బఫర్‌ను మాత్రం దగ్గరికి రానీయకు. దానిలోనూ అమైన్ ఉంది, నీ రంగును సగంలోనే కాజేస్తుంది. ఒక్కో యాంటీబాడీకి 3 నుంచి 6 రంగు అణువులుంటే చాలు. అంతకు మించి ఇరికిస్తే పక్కపక్కన చేరి ఒకదాని వెలుగును మరొకటి మింగేస్తాయి. పైగా ప్రోటీన్‌ను పట్టుకోవలసిన చోటే రంగు కూర్చుందంటే ఆ యాంటీబాడీ ఉండీ లేనట్టే. అతుక్కోకుండా మిగిలిన రంగును కాలమ్‌లో వేరు చేయకపోతే స్లైడంతా పచ్చటి మసకే కనిపిస్తుంది.

ఈ మసక బాధ పాతదే. 1941లో ఆల్బర్ట్ కూన్స్ అనే శాస్త్రవేత్త బృందం యాంటీబాడీకి మొదట వాడిన ఆంత్రసీన్ రంగు నీలంగా మెరిసేది. కణజాలం తనంతట తానే నీలంగా మెరుస్తుంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌కు మారారు. మనం ఇప్పటికీ దాని సంతతినే నమ్ముకున్నాం: 495 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుని 520 దగ్గర వదులుతుంది. కాకపోతే వెలుతురు తగిలితే త్వరగా వాడిపోతుంది, గొట్టాన్ని రేకులో చుట్టి పెట్టు.

నన్నడిగితే ప్రైమరీకి, అంటే ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునే యాంటీబాడీకి, రంగు వేసే జోలికే పోవద్దంటాను. ఆ ప్రైమరీని పట్టుకునే రెండో యాంటీబాడీని, అంటే సెకండరీని, రంగు వేసినదే కొనుక్కో. ఒక్క ప్రైమరీ మీద అవి చాలా వాలతాయి, బలహీనమైన సిగ్నల్ కూడా పైకి తేలుతుంది. మూడో నాలుగో రంగులు ఒకేసారి కావాలంటే మాత్రం నేరుగా రంగు వేసినవే సుఖం.

ఇంకో మాట. అందమైన బొమ్మ వస్తే నాకు సంతోషం కన్నా అనుమానమే ముందు పుడుతుంది. ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన స్లైడును అదే ఎక్స్‌పోజర్‌తో తీసి పక్కన పెట్టు. ఆ ప్రోటీన్ జన్యువును తీసేసిన కణాలు దొరికితే అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అక్కడా మెరిసిందా, ఆ యాంటీబాడీని పక్కన పడేయ్.

నీ ప్రైమరీ ఏ జంతువుదో, కణజాలం దేనిదో వెంటనే రాయి. రెండూ చిట్టెలుకవే అయితే సెకండరీ కణజాలంలోని సొంత యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. అప్పుడు కుందేలు ప్రైమరీ వెతుకుదాం.

నీ
మిత్రుడు