కిటికీ అద్దం పగిలిన రోజే కేసు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

అమలాపురానికి దగ్గర్లోని మా ఊళ్లో శాఖా గ్రంథాలయానికి గత నెల ఎవరో రాత్రిపూట నిప్పు పెట్టారు. పగిలిన కిటికీలోంచి మండుతున్న కొబ్బరి కమ్మలు లోపలికి తోశారు. పక్కింటివాళ్లు పొగ చూసి, తోటలో మోటారు వేసి పైపు లాగి ఆర్పారు. ఫైరింజను కాలవగట్టు మలుపు తిరిగి వచ్చేసరికే మంట చల్లారింది. కప్పు నిలిచింది గానీ డీఎస్సీ పుస్తకాల బీరువా పోయింది. మర్నాడు వెళ్లి చూస్తే కాలినవాటికంటే తడిసినవే ఎక్కువ. అట్టలు ఉబ్బిపోయి, కాగితాలు అతుక్కుపోయి, ఎండలో ఆరబెట్టినా విడిరాలేదు.

ఆ అద్దం వేసవిలోనే పగిలింది. ఆ తర్వాత తాళం విరగ్గొట్టారు, వరండాలో తాగి సీసాలు పడేశారు, గోడల నిండా బూతులు రాశారు. ఇన్ని జరిగినా ఒక్క కంప్లయింటూ వెళ్లలేదు. ఒకరిని అడిగితే భవనం మాది కాదన్నారు, ఇంకొకరు కాపలా మా పని కాదన్నారు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా కడుతూనే ఉన్నాం.

చట్టం లేక కాదు. ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం 1984 నుంచీ ఉంది. నిప్పు పెట్టి ప్రజల ఆస్తిని పాడుచేస్తే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా జైలు. ఫిర్యాదే లేకపోతే పోలీసులు మాత్రం ఎవరిని పట్టుకుంటారు? 2022 మే 24న అమలాపురం అల్లర్లలో ఇళ్లూ బస్సులూ తగలబడితే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఊరి లైబ్రరీ అద్దం పగిలితే మాత్రం కుర్రాళ్ల ఆకతాయితనం అని వదిలేస్తున్నాం. నలభై ఏళ్ల వయసున్నవాళ్లను కూడా కుర్రాళ్లే అంటున్నాం!

2020లో అంతర్వేది గుడి రథం షెడ్డులోనే కాలిపోయాక గుళ్లకు సీసీ కెమెరాలు పెట్టించారు. మంచిదే. బడికీ, లైబ్రరీకీ, అంగన్‌వాడీకీ కెమెరా పెట్టలేకపోతే గుమ్మం ముందు రాత్రంతా వెలిగే లైటయినా వేయించండి. పోలీసుల రాత్రి బీటులో ఈ భవనాలను చేర్చండి. మా వైపు ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కొబ్బరి కమ్మలూ డొక్కలూ తెచ్చి పేర్చేస్తారు. వేసవిలో ఒక్క అగ్గిపుల్ల పడితే చాలు. ప్రభుత్వ భవనాల గోడలకు ఆనించి పెట్టినవాటిని పంచాయతీ వెంటనే తీయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి భవనానికీ బాధ్యుడు ఎవరో ఆయన పేరు, ఫోన్ నంబరు తలుపు మీద రాయించండి. ఏది విరిగినా ఆ రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడం ఆయన పని కావాలి.

పోయిన పుస్తకాలు కొనడానికి ఊళ్లో చందాలు వేసుకుంటున్నాం, నేనూ ఒక నెల పింఛను ఇచ్చాను. కానీ ఆ కిటికీకి ఇప్పటికీ అట్టముక్కే అడ్డం ఉంది. కొత్త పుస్తకాలు వచ్చేలోగా దానికి ఇనుప జాలీ బిగించమని అధికారులను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా